పిల్లలకి భూపటలం గురించి ఎలా చెప్పాలి: కాళ్ల కింది బండ నుంచి మొదలుపెట్టి

ఆరేడేళ్ల పిల్లలకి భూమి లోపల ఏముందో చెప్పాలంటే మనలో చాలామంది ముందుగా పుస్తకంలోని బొమ్మ చూపిస్తాం. గుండ్రటి భూమిలో ఒక ముక్క కోసి తీసినట్టుంటుంది, లోపల పసుపు, నారింజ, ఎరుపు పొరలు. బొమ్మ అందంగానే ఉంటుంది. కానీ అది చూసిన పిల్లల మనసులో రెండు పొరపాట్లు పడతాయి. భూపటలం, అంటే భూమి పైనున్న రాతిపొర, బాగా మందంగా ఉంటుందన్నది మొదటిది. దాని కిందంతా నిప్పుల సముద్రం కుతకుతా ఉడుకుతుంటుందన్నది రెండోది. పెద్దయ్యాక కూడా ఇవి ఓ పట్టాన వదలవు. అందుకే బొమ్మ చివరికి ఉంచండి. పిల్లలు నిలబడ్డ నేల దగ్గర మొదలుపెట్టి, మెల్లగా కిందికి తీసుకెళ్లండి.

ఇదంతా ఒక్కరోజులో చెప్పేది కాదు. సాయంత్రం పూట అరగంట చొప్పున మూడు నాలుగు సార్లు కూర్చుంటే చాలు. కావలసినవి కూడా తక్కువే: రెండు మూడు రకాల రాళ్లు, ఒక భూతద్దం, ఒక నిమ్మకాయ, కొలిచే టేపు, స్కేలు, కొంచెం ముగ్గుపిండి.

మొదట మట్టి, దాని కింద రాయి

"భూమి దేంతో చేశారు?" అని అడిగితే పిల్లలు తడుముకోకుండా "మట్టితో" అంటారు. తప్పని చెప్పకండి. "మట్టి తవ్వుతూ పోతే ఏమొస్తుంది?" అని అడిగి, వాళ్లు చెప్పింది వినండి. నీళ్లు వస్తాయంటారు, పాములంటారు, నిధి అంటారు. అన్నీ విన్నాక, తవ్వితే ఏమొస్తుందో కళ్లారా చూపించండి.

తెలంగాణలో, రాయలసీమలో దీనికి బోరు బండిని మించిన పాఠం లేదు. మీ వీధిలోనో, చుట్టాల పొలంలోనో బోరు వేస్తుంటే పిల్లల్ని తీసుకెళ్లి దూరంగా నిలబెట్టండి. పైప్ దిగుతున్నకొద్దీ పైకొచ్చేది మారుతుంటుంది. ముందు ఎర్రమట్టో, నల్లమట్టో. తర్వాత గరగరలాడే మొరం. ఆ తర్వాత చప్పుడు మారిపోయి బూడిదరంగు పొడి లేస్తుంది. రాయి తగిలిందని అక్కడున్న వాళ్లంతా ఆ చప్పుడుతోనే పసిగడతారు. కేసింగ్ పైప్ అక్కడిదాకానే దించుతారు. పైన మట్టి కూలుతుంది కాబట్టి దానికి ఆసరా కావాలి, రాయికి అక్కర్లేదు. ఈ ఒక్క మాట అర్థమైతే మట్టికీ రాయికీ తేడా పిల్లలకి తెలిసిపోయినట్టే.

పని ముగిసి బండి వెళ్లిపోయాక ఆ బూడిదరంగు కుప్పలోంచి గుప్పెడు తెచ్చి, స్టీలు పళ్లెంలో పోసి నీళ్లతో రెండు మూడు సార్లు కడగండి. సన్నటి పిండి కొట్టుకుపోయి, అడుగున మెరిసే పలుకులు మిగులుతాయి. వాటిని భూతద్దంలో చూడనివ్వండి. వందల అడుగుల లోతు నుంచి వచ్చిన రాయి తమ చేతిలో ఉందంటే పిల్లలు ఎంతసేపైనా చూస్తారు.

బోరు దొరక్కపోతే పాత బావి గోడైనా, రోడ్డు కోసం తొలిచిన గుట్ట అయినా పనికొస్తుంది. పైన మట్టి, మధ్యలో మెత్తబడిన రాయి, కింద గట్టి బండ వరసగా కనబడతాయి.

కృష్ణా, గోదావరి డెల్టాలో ఉన్నవాళ్లకి ఇది కుదరదు. అక్కడ ఎంత దూరం బోరు దిగినా ఇసుక, బంకమన్నే వస్తాయి. అప్పుడు ఉన్నమాటే చెప్పండి: "ఇక్కడా రాయి ఉంది నాన్నా, కానీ చాలా లోతులో ఉంది. నది ఎన్నో వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి దాని మీద కప్పేసింది." ఇల్లు కడుతున్న చోట కంకర ఎలాగూ ఉంటుంది, చేతిలో పెట్టడానికి ఒక ముక్క తెచ్చుకోండి.

రాయిని దగ్గరగా చూడటం

ఈ మెట్టు మీద తొందరపడకండి. భూపటలం అంటే రాయి కాబట్టి, రాయి బాగా పరిచయమైతే మిగతాదంతా తేలిగ్గా ఎక్కుతుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల ఉంటే గ్రానైట్ గుండు ఒకటి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కొత్తగా పగిలిన ముఖం ఉన్న ముక్క తీసుకోండి, ఎండకీ వానకీ నానిన పైభాగంలో ఏమీ తెలియదు. భూతద్దంలో చూస్తే మూడు రకాల పలుకులు కనిపిస్తాయి. గులాబీరంగులోనో తెల్లగానో, నున్నటి తలంతో ఉండేది ఫెల్డ్‌స్పార్. గాజుముక్కలా మసకగా, బూడిదరంగులో ఉండేది క్వార్ట్జ్. నల్లగా, తిప్పితే తళుక్కుమనేది అభ్రకం. పేర్లు ఇప్పుడే చెప్పక్కర్లేదు. "ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టు" అనండి చాలు.

తర్వాత అసలు సంగతి చెప్పండి. ఈ రాయి ఇప్పుడు గుట్ట మీద ఎండలో ఉంది కానీ, పుట్టింది ఇక్కడ కాదు. కిలోమీటర్ల లోతులో కరిగిన రాయి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. తీరిగ్గా చల్లారింది కాబట్టే పలుకులు కంటికి ఆనేంత పెద్దవయ్యాయి. దాని మీద ఉన్న రాయంతా వానకీ గాలికీ అరిగి పోయాక ఇది బయటపడింది. అంటే గోల్కొండ కోట కింది బండ మీద కూర్చున్న పిల్లలు, ఒకప్పుడు భూపటలం లోతుల్లో ఉన్న చోట కూర్చున్నట్టు. ఆ మాట వాళ్లతో అనండి. నాకు మొత్తం పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఆ అంకె మీ కోసం. పిల్లలకి "డైనోసార్ల కంటే చాలా చాలా ముందు" అంటే సరిపోతుంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూసిన పిల్లలైతే "అదుందే, అది పుట్టడానికి ఎంతో ముందే ఈ బండ ఉంది" అనండి.

పోల్చడానికి ఇంకో రాయి ఉంటే మంచిది. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు వాళ్లకి నల్లరాయి దొరుకుతుంది, అది బసాల్ట్. ఎంత చూసినా అందులో పలుకులు కనబడవు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా నేల మీద పారి గబగబా చల్లారడంతో పెద్ద పలుకులు పెరిగే సమయం లేకపోయింది. రాజమండ్రి దగ్గర కూడా ఆనాటి నల్లరాయే ఉంది. ఏదీ దొరక్కపోతే వంటింటి గట్టు చూడండి. నల్లటి పలక మీద బంగారు చుక్కల్లాంటివి మెరుస్తుంటే అది ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చినదై ఉండొచ్చు. అంగట్లో దాన్నీ గ్రానైట్ అనే అమ్ముతారు కానీ, భూవిజ్ఞానులు గాబ్రో అంటారు. అదీ లోతులో తీరిగ్గా చల్లారిన రాయే.

మూడోది తాండూరు బండో, బేతంచెర్ల బండో. ఇవి సున్నపురాయి, ఎప్పుడో నీటి అడుగున పేరుకున్నవి. విరిగిన ముక్క ఒకటి తీసుకుని, మేకుతో గీకి కొంచెం పొడి రాల్చి, ఆ పొడి మీద నిమ్మరసం పిండండి. సన్నగా బుడగలు వస్తాయి. గ్రానైట్ మీద పిండితే ఏమీ జరగదు. పిల్లలు ఇల్లంతా తిరిగి పరీక్షలు చేస్తామంటారు, గచ్చు మీద మాత్రం చేయనివ్వకండి. పులుపు తగిలిన చోట సున్నపురాయి మెరుపు పోతుంది, మళ్లీ రాదు. బేలం గుహలకి వెళ్లొచ్చిన పిల్లలుంటే, ఆ గుహలు కూడా ఇలాంటి సున్నపురాయిని నీళ్లు కరిగించి తొలిచినవేనని చెప్పండి.

ఈ మూడు రాళ్లూ పక్కపక్కన పెట్టాక, అప్పుడు మొదటిసారి "భూపటలం" అనే పేరు చెప్పండి. మన కింద, కొండల కింద, సముద్రం కింద కూడా ఉన్న రాతిపొర అది. మట్టి దాని మీద పరుచుకున్న పలచటి దుప్పటి.

డాబా మీద ఒక గీత

ఇప్పుడు మందం సంగతి. అంకెలు చెబితే పిల్లలకి ఎక్కదు, నడిపిస్తే ఎక్కుతుంది.

డాబా మీదో, బడి వరండాలోనో ముగ్గుపిండితో 6 మీటర్ల 37 సెంటీమీటర్ల గీత గీయండి. ఒక చివర మనం నిలబడ్డ నేల, రెండో చివర భూమి నడిమధ్య. భూమి పైనుంచి కేంద్రానికి 6,371 కిలోమీటర్లు కాబట్టి, ఈ గీత మీద ఒక మీటరు వెయ్యి కిలోమీటర్లకి, ఒక సెంటీమీటరు పది కిలోమీటర్లకి సమానం.

నేల చివర నుంచి మూడున్నర, నాలుగు సెంటీమీటర్ల దగ్గర చిన్న అడ్డగీత పెట్టండి. భూపటలం అక్కడితో అయిపోయింది. మన దక్కన్ నేల కింద దాని మందం 35, 40 కిలోమీటర్లు, ఇంచుమించు విజయవాడ నుంచి గుంటూరు ఉన్నంత. హిమాలయాలు, టిబెట్ కింద 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అంటే గీత మీద ఏడు సెంటీమీటర్లు. సముద్రం అడుగున మాత్రం ఏడు కిలోమీటర్ల వరకే, గీత మీద సెంటీమీటరు కూడా రాదు.

అక్కడి నుంచి భూప్రావారం, అంటే భూపటలం కింద ఉండే మందపాటి రాతిపొర. 2 మీటర్ల 90 సెంటీమీటర్ల దగ్గర రెండో అడ్డగీత. ఆ తర్వాత ఇనుము, నికెల్ ఉన్న భూకేంద్ర మండలం. అందులో బయటి భాగం ద్రవం, అది 5 మీటర్ల 15 సెంటీమీటర్ల దాకా వస్తుంది. చివరి 1 మీటరు 22 సెంటీమీటర్లు ఘనంగా ఉన్న లోపలి భాగం.

పిల్లల్ని నేల చివర నిలబెట్టి కేంద్రం దాకా నడవమనండి. భూపటలం దాటడానికి ఒక్క అడుగు కూడా పట్టదు. తర్వాత వెనక్కి వచ్చి, ఆ నాలుగు సెంటీమీటర్లలోనే స్కేలు పెట్టి కొలవమనండి. ఎవరెస్ట్ శిఖరం ఎత్తు 9 మిల్లీమీటర్లు. విమానం ఎగిరే ఎత్తు ఒక సెంటీమీటరు. కోలార్ బంగారు గనులు, మూడు కిలోమీటర్లకి పైగా లోతున్నవి, 3 మిల్లీమీటర్లు. వెయ్యి అడుగుల బోరు మిల్లీమీటరులో మూడో వంతు కూడా కాదు, ముగ్గు గీత మందంలోనే కలిసిపోతుంది. "మన బోరు ఇంతేనా!" అని పిల్లలు అన్నారంటే పాఠం కుదిరినట్టే.

కోలా కథ ఇక్కడే చెప్పండి. రష్యా వాయవ్య మూలన కోలా ద్వీపకల్పంలో 1970లో రాయిని తొలవడం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి తొలిచి, 1989 నాటికి 12,262 మీటర్ల లోతుకి చేరారు. అక్కడ వేడి 180 డిగ్రీలు ఉండటంతో ఇంక దిగలేకపోయారు. ఆ రంధ్రం వెడల్పు జానెడే, ఇప్పుడు దాని మీద ఇనుప మూత బిగించి ఉంది. మన గీత మీద అది సెంటీమీటరున్నర కూడా లేదు. భూపటలాన్ని దాటి భూప్రావారం దాకా తొలిచినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

"అయితే కింద నిప్పేనా?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. జాగ్రత్తగా జవాబివ్వండి, మొదటి నుంచీ మనం తప్పించాలనుకుంటున్న పొరపాటు ఇక్కడే పడేది.

కిందికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది, ఇది నిజం. భూపటలంలో సగటున కిలోమీటరుకి 25 నుంచి 30 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. కోలార్ గనుల్లో అడుగున పనిచేసేవాళ్ల కోసం చల్లటి గాలి పంపాల్సి వచ్చేది. కానీ భూప్రావారం నిప్పుల సముద్రం కాదు, అదీ రాయే. విపరీతమైన వేడి, మీదున్న బరువు వల్ల చాలా చాలా నెమ్మదిగా కదిలే రాయి. కొన్ని చోట్ల మాత్రం కాస్త కరుగుతుంది, అలా కరిగింది పైకి ఎగదన్నితే అగ్నిపర్వతం. మన దేశంలో ఇప్పుడు చురుగ్గా ఉన్నది అండమాన్‌లోని బారెన్ ద్వీపం ఒక్కటే. "మనిల్లు నిప్పు మీద లేదు, బండ మీద ఉంది" అని స్పష్టంగా చెప్పండి. రాత్రి పూట భయపడే పిల్లలకి ఈ మాట అవసరం.

"అవతలి వైపుకి తవ్వుకుంటూ పోతే?" అని కూడా అడుగుతారు. గ్లోబు ఇచ్చి వాళ్లనే వెతకనివ్వండి. హైదరాబాద్‌కి సరిగ్గా అవతల ఊరేమీ లేదు, దక్షిణ అమెరికాకి పడమరన పసిఫిక్ మహాసముద్రం ఉంది.

ముక్కలు, వాటి కదలిక

ఏడెనిమిదేళ్లు నిండిన పిల్లలకే ఈ భాగం. చిన్నవాళ్లకి పైదాకా చాలు.

ఉడికించిన గుడ్డుని బల్ల మీద మెల్లగా కొట్టి, పెంకు నెర్రెలు విడిచాక చూపించండి. భూమి పైపొర కూడా ఇలాగే పెద్ద పెద్ద ముక్కలుగా ఉంటుంది, వాటిని పలకలు అంటారు. భూపటలంతో పాటు దాని కింది గట్టి రాయి కొంత కలిస్తే ఒక పలక. గుడ్డుని ఇంతవరకే వాడుకోండి. దాని సైజుకి పెంకు చాలా మందం, పైగా పెంకు ముక్కలు కదలవు. భూమి పలకలు కదులుతాయి.

ఎంత కదులుతాయో స్కేలుతో చూపించండి. మన దేశం ఉన్న పలక ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు ఉత్తరంగా, ఈశాన్యంగా జరుగుతోంది. పిల్లల వయసుని అయిదుతో గుణించి నేల మీద గీత గీయండి. ఏడేళ్ల పిల్లకి 35 సెంటీమీటర్లు. "నువ్వు పుట్టినప్పుడు మన ఊరు ఇక్కడుంది, ఇప్పుడు ఇక్కడికొచ్చింది. ఇల్లు, బడి, చెట్లు అన్నీ కలిసే జరిగాయి, అందుకే మనకి తెలియలేదు." దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట ఈ పలక వెళ్లి ఆసియాని గుద్దుకోవడంతో మధ్యలో ఉన్న సముద్రం అడుగు నలిగి పైకి లేచింది. అదే హిమాలయం.

పూజగదిలో సాలగ్రామం ఉన్న ఇళ్లలో దీనికి సాక్ష్యం చేతికందేలోనే ఉంటుంది. నేపాల్ గండకీ నదిలో దొరికే ఆ నల్లటి రాళ్లలో కనిపించే చక్రం, అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల అచ్చు. కొండల మధ్య నదిలోకి సముద్రజీవి ఎలా వచ్చిందని అడగండి. జవాబు పిల్లలే చెబుతారు. పెద్దల అనుమతితో, శుభ్రమైన చేతులతో చూడనివ్వండి.

ఆదిశేషుడి సంగతి ఇంట్లో ఎవరో ఒకరు ఎత్తుతారు. నానమ్మ చెప్పిన కథని కొట్టిపారేయకండి, పాఠంతో కలిపేయనూ వద్దు. "అది నానమ్మ చెప్పిన కథ, ఇది రాయిని తొలిచి, కొలిచి తెలుసుకున్నది" అంటే పిల్లలు రెండిటినీ విడివిడిగా ఉంచుకోగలరు.

భూకంపం మాట వచ్చినప్పుడు

2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు హైదరాబాద్, విజయవాడల్లో కూడా తెలిసింది. అది గుర్తున్న పిల్లలు "మళ్లీ వస్తుందా?" అంటారు. రాదని మాటివ్వకండి. పెద్ద భూకంపాలు ఎక్కువగా పలకల అంచుల దగ్గర వస్తాయి, మనం అంచుకి దూరంగా ఉన్నాం. కానీ గోదావరి లోయ వెంట భూపటలంలో ఎప్పటివో పగుళ్లున్నాయి, అప్పుడప్పుడు అక్కడ రాయి సర్దుకుంటుంది. అంత చెప్పి, వెంటనే చేయాల్సింది నేర్పండి: బల్ల కిందికి దూరి, తల కాపాడుకుని, కుదుపు ఆగాక బయటికి రావడం. రెండుసార్లు ఆటలా ఆడించండి. చేయడానికి ఏదో ఒకటి తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

అదే ఊపులో, లోపలికి వెళ్లకుండానే అక్కడ ఏముందో ఎలా తెలిసిందో చెప్పవచ్చు. రాతి అరుగు ఒక చివర పిల్లల్ని చెవి ఆనించమని, రెండో చివర గులకరాయితో మెల్లగా తట్టండి. తర్వాత చెవి ఎత్తి వినమనండి. రాయిలోంచి వచ్చిన చప్పుడే గట్టిగా వినబడుతుంది. భూకంపం అలల్ని కూడా ఇలాగే "వింటారు". 1909లో క్రొయేషియాలో వచ్చిన ఒక భూకంపపు అలల్ని పరిశీలించిన ఆండ్రియా మొహొరోవిచిచ్, కొన్ని అలలు లెక్క ప్రకారం రావలసిన దానికంటే ముందే దూరపు కేంద్రాలకి చేరాయని గమనించాడు. కింద వేరే రకం రాయి ఉంది, అందులో అలలు వేగంగా పోతాయి. భూపటలం ఎక్కడ అయిపోతుందో అలా తెలిసింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఇలాంటి అలల్ని రోజూ నమోదు చేస్తుంటారు.

వారం తర్వాత

పిల్లలకి తెల్లకాగితం ఇచ్చి "మన కాళ్ల కింద ఏముందో గీయి" అనండి. సాయం చేయకండి. పైపొర బాగా మందంగా గీస్తే తప్పని చెప్పకుండా మళ్లీ డాబా మీద గీత గీసి నడిపించండి. పైపొర కింద మంటలు గీస్తే, భూప్రావారం గురించి మళ్లీ ఒకసారి నిదానంగా మాట్లాడండి. మట్టి గీసి, దాని కింద బండ, బండ కింద వేడి రాయి గీశారంటే, పుస్తకంలోని రంగుల బొమ్మ ఇప్పుడు చూపించవచ్చు. అందులో తప్పేముందో వాళ్లనే వెతకమనండి.

ఈసారి తిరుమల వెళ్లినప్పుడు ఘాట్ రోడ్డులో రెండు కాలాల రాళ్లు ఒకదాని మీద ఒకటి కలిసే చోటు చూపించండి. కింద ముదుసలి గ్రానైట్, పైన ఆ తర్వాతెప్పుడో పేరుకున్న రాయి, మధ్యలో కోట్ల కోట్ల సంవత్సరాల ఎడం. దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. పైన ఆలయానికి దగ్గర్లోనే శిలాతోరణం కూడా ఉంది. ఏ రాయి ముందు పుట్టిందో పిల్లల్ని అడగండి, ఎందుకో కూడా చెప్పమనండి.